చివరి గోడ దాకా వినిపించే గొంతు

ఆగస్టు 2

మనవడి గదిలో ఆడపిల్ల ఉంది.

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి తలుపు వెనక నుంచి గొంతు వినబడింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఊపిరి పట్టడం రాదు. వాక్యం సగంలోనే గాలి అయిపోతోంది, మిగతా సగాన్ని గొంతు నులిమి బయటికి తోస్తోంది. ఇలాగే సాగిస్తే ఏడాది తిరక్కుండా గొంతు పాడవుతుంది. అది నాకెందుకు? నా ఇంట్లో, నాకు చెప్పకుండా, పట్టపగలు ఒక ఆడపిల్ల ఉంది. అదీ సంగతి.

ముప్పై ఏళ్ళు రేడియోలో వార్తలు చదివినదాన్ని. దగ్గు వింటే మనిషెవరో చెబుతాను. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎవరో కొత్త పిల్ల.

మావాడికి ఫోను చేసి చెప్పాలి. "నీ కొడుకు నా దగ్గరుండి కాలేజీ చదువు చదువుతున్నాడని నువ్వనుకుంటున్నావు నాయనా" అని మొదలుపెట్టాలి. వద్దు. ముందు పట్టుకోవాలి.

ఆగస్టు 3

ఇవాళా వచ్చింది. ఎటునుంచి వస్తోందో అంతుపట్టడం లేదు. వీధి తలుపు నా కుర్చీకి ఎదురుగానే ఉంది. పెరటి తలుపుకి తాళం, తాళంచెవి నా దగ్గర. ఇక మిగిలింది కిటికీ. కిటికీ దూకి వచ్చేంత చురుకైన పిల్లకి ఊపిరి కాస్త బాగుండాలి కదా.

ఆగస్టు 5

పట్టుకున్నాను.

గొంతు మొదలవగానే చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తలుపు తోశాను. గదిలో వాడొక్కడే. అద్దం ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోను. తలుపు వెనక చూశాను. అలమారా తెరిచాను. ఈ వయసులో మోకాళ్ళ మీద వంగి మంచం కింద కూడా చూశాను. ఒక చెప్పుల జత, బోలెడు దుమ్ము.

"ఏదీ ఆ పిల్ల?" అన్నాను.

మళ్ళీ అడిగాను.

"నేనే నానమ్మా."

ఆ "నేనే" అన్నది నేను మూడు రోజులుగా వింటున్న గొంతు. "నానమ్మా" దగ్గరికొచ్చేసరికి అది జారి నా మనవడి గొంతైపోయింది.

వంటింట్లోకి వచ్చేశాను. పాలు పొంగి స్టవ్వంతా కారిపోయి ఉన్నాయి.

ఆగస్టు 6

స్టవ్వు తుడిచాను.

ఆగస్టు 7

మళ్ళీ తుడిచాను.

ఆగస్టు 8

ఇవాళ మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నాం అంటే, నేను అరిచాను, అవతలి మనిషి గోడ చూస్తూ జవాబులు చెప్పారు.

తను మగపిల్లాడు కాదట. ఎప్పుడూ కాదట. ఆ సంగతి తనకి తెలిసి చాలా ఏళ్ళయిందట. సరే. అర్థమైందని అనను. కానీ నాకు కోపం తెప్పించింది అది కాదు. "నాకంటే ముందు ఎవరెవరికి తెలుసు?" అని అడిగాను. స్నేహితులకి తెలుసు. ఆ స్నేహితులు కలుసుకునే గది కింద లాండ్రీ నడిపే ఆవిడకి తెలుసు. కాలేజీ వాచ్‌మన్‌కి తెలుసు. గేటు దగ్గర కర్ర పుచ్చుకుని కూర్చునే మనిషికి తెలిసింది, కన్నతండ్రిని కన్నదానికి తెలియలేదు.

"చెప్పాలనే అనుకున్నా నానమ్మా. నువ్వు పేపరు చదువుతూ తిడుతుంటావు కదా, అందర్నీ."

"అందర్నీ తిడితే? నిన్ను తిట్టానా?"

"ఎప్పుడు తిడతావోనని."

ఇంకా కోపం వచ్చింది.

అసలు గొడవ ఇది. నెల క్రితం క్లాసులో హాజరు పిలిచినప్పుడు, అలవాటుగా, ఇంట్లో సాధన చేస్తున్న గొంతుతో పలికేశారట. క్లాసంతా నవ్వింది. చదువు చెప్పే మనిషి కూడా నవ్వాడు. అప్పట్నుంచి కాలేజీలో నోరు తెరవలేదు. ఏ గొంతుతో తెరిచినా నవ్వుతారు. పాత గొంతుతో మాట్లాడితే వాళ్ళు నవ్వుతారు, మాట్లాడినందుకు తనకి ఏడుపొస్తుంది. వచ్చే నెల సెమినారుంది, స్టేజీ ఎక్కి అందరి ముందూ మాట్లాడాలి. మాట్లాడకపోతే సున్నా. సున్నా వస్తే ఏడాది పోతుంది. ఏడాది పోతే చదువు మాన్పించి తన టైర్ల షాపులో కూర్చోబెడతానని మావాడు కిందటేడే చెప్పాడు. మావాడు చెప్పింది చేస్తాడు. చెడ్డ పనైతే మరీ శ్రద్ధగా చేస్తాడు.

అంతా విని నేనన్నది ఒక్కటే. "గొంతు అలా నులమొద్దు. పోతుంది."

ఆగస్టు 9

నవ్విన ఆ మేష్టారికి ఎన్నేళ్ళుంటాయో అడగాల్సింది. అడిగి ఏం చేస్తాను? ఏమీ లేదు. ఊరికే.

ఆగస్టు 11

లాండ్రీ మీది గదికి వెళ్ళాను. గొంతు కోసమే వెళ్ళాను. మిగతా విషయాల్లో నేను తలదూర్చను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఇనప మెట్లు. కింద మెషీన్లు తిరుగుతుంటే పై గది నేల వణుకుతూ ఉంటుంది. కిటికీలోంచి వేడి ఆవిరి, సబ్బు వాసన. కాలేజీలో గది అడిగితే "మీ సంఘం పేరేమిటి, దేనికోసం" అని అడిగి, చెప్పాక ఇవ్వలేదట. ఈ లాండ్రీ ఆవిడ ఏమీ అడక్కుండా ఇచ్చిందట. ఏడెనిమిది మంది నేలమీద కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక ఫోను. అందులో ఎవరో మెడ నరాలు పొంగించి కూస్తుంటే వీళ్ళంతా అలాగే కూస్తున్నారు. పిల్లి తోక తొక్కినట్టుంది.

"ఆపండి," అన్నాను. నేను ఆపండంటే ఇప్పటికీ ఆగుతారు.

మా మనిషిని వాళ్ళక్కడ పిట్ట అని పిలుస్తారు. ఆరడుగుల మనిషికి పిట్టేమిటో. పేరడిగితే అదే చెప్పింది కాబట్టి నేనూ అదే రాస్తున్నాను.

ఒకాయన లేచి కుర్చీ వేశాడు. లా చదువుతున్నాడు, అందరూ లాయరనే అంటారు. సన్నగా మీసం మొలుస్తోంది. కిందటేడు దాకా అమ్మాయిల హాస్టల్లో ఉన్నాడట. మీసం రావడంతో వాళ్ళు పొమ్మన్నారు, అబ్బాయిల హాస్టలు వాళ్ళు రావద్దన్నారు. మాటలు నూతిలోంచి చేదతో తోడుతున్నట్టు వస్తున్నాయి. లావుగా వినబడాలని గొంతుని కిందికి అదుముతున్నాడు.

"నువ్వూ పాడు చేసుకుంటున్నావు," అన్నాను. "పైకి లాగినా కిందికి అదిమినా గొంతు ఒకటే. రబ్బరు కాదది."

"మరి ఎలాగండీ?"

"మోగే చోటు మార్చాలి. మాట ఛాతీలో మోగితే ఒక రకం, ముందు పళ్ళ వెనక మోగితే ఒక రకం. శ్రుతి దానంతటదే సర్దుకుంటుంది. పెదాలు మూసుకుని ఊఁ అనండి. ఎక్కడ అదురుతోందో వేలు పెట్టి చూసుకోండి."

గుండు గీయించుకుని, చెవులకి పెద్ద పెద్ద రింగులు పెట్టుకున్న ఒక ప్రాణి మూల కూర్చుని ఉంది. చెయ్యెత్తింది.

"నీకేం కావాలి? పైకా కిందికా?" అన్నాను.

"రెండూ కాదు నానమ్మగారూ. మధ్యలో."

"మధ్యలోదే అన్నిటికంటే కష్టం. చావు వార్తా పెళ్ళి వార్తా ఒకే గొంతుతో చదవాలని ముప్పై ఏళ్ళు నేను పడ్డది అదే. రా, ముందుకొచ్చి కూర్చో."

గుండుకి నేను నచ్చినట్టున్నాను. నాకు మాత్రం ఆ రింగులు నచ్చలేదు.

ఆగస్టు 14

వెళ్ళాను. గొంతు కోసమే.

ఆగస్టు 18

గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రాతో బుడగలు ఊదుతూ గొంతు కలపడం నేర్పాను. గొంతుకి ఒత్తిడి లేకుండా గాలి పట్టు చిక్కుతుంది. ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు ఒకేసారి గ్లాసుల్లో బుడగలు ఊదుతుంటే చూడాలి. లాయరుకి నవ్వాగక నీళ్ళు ముక్కులోకి పోయాయి. పిట్ట నవ్వింది. పడీపడీ నవ్వింది. నా ఇంట్లో ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో. వీళ్ళ దగ్గర నవ్వుతుందన్నమాట. నా దగ్గరేమో స్టవ్వు కట్టేశానా అని అడుగుతుంది.

ఇంటికొచ్చే దారిలో నేను ముందు ముందు నడిచాను. "కోపమా నానమ్మా?" అంది. "కాళ్ళు నొప్పి," అన్నాను.

ఆగస్టు 22

పిట్ట ఇంటికొచ్చి తలుపేసుకుంది. సంగతి లాయరు ఫోనులో చెప్పాడు. సెమినారుకి పేరివ్వడానికి వెళ్తే వాళ్ళ డిపార్ట్‌మెంటు హెడ్డు అందరి ముందూ అన్నాడట: "ఏ గొంతుతో మాట్లాడాలో ముందు ఇంట్లో తేల్చుకుని రా. ఇది సర్కస్ కాదు." చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారట.

ఆ ఫోను వచ్చినప్పుడు నా చేతిలో గరిటె ఉంది. ఎక్కడ పెట్టానో ఇప్పటిదాకా దొరకలేదు.

రేపు వెళ్తాను. పిట్టకి చెప్పను. చెబితే వద్దంటుంది.

ఆగస్టు 23

వెళ్ళాను. చెప్పాల్సినవి చెప్పేశాను.

హెడ్డు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు మా ఇంట్లో మీ వార్తలు పెట్టాకే భోజనాలమ్మా అన్నాడు. "అంత విన్నవాడివి ఒక్క మంచి మాటా నేర్చుకోలేదేం నాయనా?" అన్నాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు తెలుసు కాబట్టి మధ్యలో దూరడానికి అతనికి సందు దొరకలేదు. నా మనవరాలు ఎలాంటిదో చెప్పాను. అవును, మనవరాలనే అన్నాను. అద్దం ముందు రోజూ ఎంతసేపు సాధన చేస్తుందో చెప్పాను. లాండ్రీ మీద గదిలో దానిలాంటి పిల్లలు ఎంత క్రమశిక్షణతో కష్టపడుతున్నారో, ఎవరెవరికి హాస్టళ్ళలో ఏమేం జరిగిందో, అన్నీ చెప్పాను. ఒక్కటీ వదల్లేదు.

"మెల్లగా అమ్మా," అన్నాడు రెండుసార్లు. మెల్లగా మాట్లాడితే వినే జాతి కాదిది.

సెమినారుకి పేరు రాసుకున్నాడు. రాసుకోక ఏం చేస్తాడు? బయటికొచ్చేసరికి వరండా నిండా జనం. నాకు దారిచ్చారు. చాలా ఏళ్ళ తర్వాత కడుపు నిండినట్టుంది.

ఆగస్టు 24

హెడ్డు గది తలుపు తీసే ఉందట.

మైకు పాడైన రోజుల్లో కూడా స్టూడియో చివరి గోడ దాకా వినిపించేలా చదవడం నేర్చుకున్న గొంతు నాది. నిన్న అది పక్క మూడు గదుల దాకా వెళ్ళింది. పిట్ట ఎవరికీ చెప్పనివీ, గుండు వాళ్ళింట్లో ఇంకా చెప్పనివీ, లాండ్రీ మీది గది ఎక్కడుందో అదీ. సాయంత్రానికి లాండ్రీ కింద కుర్రాళ్ళు గుమిగూడారు. పైకి చూస్తూ పిల్లి కూతలు కూశారు. ఫోనులు పైకెత్తి పట్టుకున్నారు. ఒకడు మెట్లెక్కి తలుపు బాదాడు. బట్టలకొచ్చినవాళ్ళు వెనక్కి పోయారు. లాండ్రీ ఆవిడ ఏడుస్తూనే గది ఖాళీ చెయ్యమంది. ఆవిడకీ బతుకు గడవాలిగా.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఇన్నేళ్ళూ ఈ సామెత ఎదుటివాళ్ళకే వాడాను.

పిట్ట వచ్చి నా కుర్చీ ముందు నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నా నోరు నువ్వెందుకు తెరిచావు నానమ్మా?"

"నీకోసం..."

"నాకోసం కాదు. నీకు కోపమొచ్చింది, వెళ్ళావు."

గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఇరవయ్యేళ్ళ పిల్లకి ఇంత సూటిగా మాట్లాడడం ఎవరు నేర్పారో. నా పోలికే అయ్యుంటుంది. దాని మీదా కోపంగా ఉంది.

ఆగస్టు 26

మాట్లాడడం లేదు.

ఆగస్టు 28

మాట్లాడడం లేదు. నేను వంటింట్లో ఉంటే పంపు దగ్గరికి రాదు, నేను పోయాక వచ్చి నీళ్ళు తాగుతోంది. కావాలని వంటింట్లోనే కూర్చున్నాను. దాహంతో చచ్చిపోతుందేమోనని మళ్ళీ లేచి వచ్చేశాను.

వాళ్ళెక్కడ కలుస్తున్నారో తెలియదు. ఎక్కడా కలవడం లేదేమో. సాధన ఆగిపోయింది. తలుపు వెనక ఏ గొంతూ లేదు. సెమినారుకి ఇక ఎన్నాళ్ళో లేదు. టైర్ల షాపులో దాన్ని ఊహించుకోలేకపోతున్నాను. ఊహించుకోగలుగుతున్నాను, అదీ బాధ.

ఆగస్టు 30

బస్టాపులో గుండు కనబడింది. చూసి తలతిప్పుకుంది. నేనే వెళ్ళాను.

"మా ముందుగది ఊరికే పడి ఉంది," అన్నాను. "దుమ్ము పడుతోంది. మనుషులు మసలితే మంచిది."

పరిహారంగా కాదు. గది నిజంగానే ఖాళీ.

గుండు చాలాసేపు బస్సులు రాని వైపు చూసింది. "మా ఇంట్లో తెలిసిపోయింది నానమ్మగారూ. ఇప్పుడు మా పిన్ని వాళ్ళింట్లో ఉంటున్నా."

బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 1

లాయరు వచ్చాడు. గుమ్మం దాటకుండా నిలబడి మాట్లాడాడు.

"మాకు గది కావాలి, నిజమే. ఒక షరతు ఉందండీ. మా గురించి మీరు ఎవరితోనూ మాట్లాడకూడదు. కాలేజీలో, వీధిలో, ఇంట్లో. మా బదులు మీరు జవాబు చెప్పకూడదు."

"మంచి కూడా చెప్పకూడదా?"

"మంచే ఎక్కువ దూరం వెళ్తుంది మీ గొంతులో."

నా గుమ్మంలో నిలబడి నాకే షరతు. ఇరవై రెండేళ్ళుంటాయి. మంచి లాయరవుతాడు, వాడి మొహం మండ. సరేనన్నాను. మాటిచ్చాను. లోపలికి రమ్మన్నాను. అప్పుడొచ్చాడు.

సెప్టెంబరు 3

వచ్చారు. మునుపటి కంటే తక్కువమంది. ఇద్దరు భయపడి మానేశారట. అది నా లెక్కలోకే వస్తుంది.

గుండు కూడా వచ్చింది. నా వైపు చూడలేదు గానీ, చెప్పులు విప్పి నా చెప్పుల పక్కనే పెట్టింది.

మొదట కాసేపు నేను గదిలో ఉండకూడదట. వాళ్ళ మాటలు వాళ్ళకుంటాయట. ఎవరింట్లో ఎవరు ఏమన్నారు, ఎవరు రాత్రి నిద్రపోలేదు, ఎవరికి డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాలి. తర్వాత గొంతుకి నన్ను పిలుస్తారట. నా ఇంట్లో నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, పనిపడ్డప్పుడు పిలుస్తారు. ట్యూషన్ మాస్టరులా.

కూర్చున్నాను. ఉల్లిపాయలు తరిగాను. అక్కర్లేకపోయినా తరిగాను.

సెప్టెంబరు 7

ఇవాళ పిట్ట మాట్లాడింది. "నానమ్మా, తుప్పు అన్న చోట గొంతు పడిపోతోంది, ఏం చెయ్యను?"

సెమినారు తుప్పు గురించి. ఇనుముకి గాలీ తేమా తగిలితే ఏమవుతుందో, ఎలా ఆపాలో. "ఆ మాటకి ముందు ఊపిరి తీసుకో. ముందే తీసుకో, అక్కడికెళ్ళి వెతుక్కోవద్దు," అన్నాను. అంతే. ఇంకేం మాట్లాడుకోలేదు. రాత్రి వంటింట్లోకొచ్చి నా ఎదురుగానే నీళ్ళు తాగింది.

సెప్టెంబరు 10

తుప్పు గురించి మా ముందుగదిలో అందరికీ నోటికొచ్చేసింది. గుండు దాన్ని పాటలా పాడుతోంది. లాయరు హెడ్డులా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ప్రశ్నలడుగుతున్నాడు. వెక్కిరింపులు కూడా వాళ్ళే వేస్తున్నారు, పిట్టకి అలవాటు కావాలని. ఒకరు నవ్వడం, ఒకరు కూత కూయడం, పిట్ట ఆగకుండా చెప్పుకుపోవడం. మొదటిసారి ఏడ్చింది. రెండోసారి తిట్టింది. మూడోసారి చెప్పుకుపోయింది. ఈ ఉపాయం నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు నన్ను చూసి ఎవరూ నవ్వలేదు, తట్టడానికి.

సెప్టెంబరు 12

సెమినారు అయింది.

హాల్లోకి స్టూడెంట్లకే ప్రవేశమట. వాచ్‌మన్ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఏసీ హాలు, తలుపులు మూసేశారు. ఒక్క అక్షరం వినబడలేదు. ఒకసారి మాత్రం గోలగా నవ్వు వినబడింది. లేచాను. వాచ్‌మన్ చూశాడు. కూర్చున్నాను. మాటిచ్చానుగా. బెంచీ అంచు పట్టుకుంటే అరచేతిలో పేడు గుచ్చుకుంది, ఇప్పటికీ సలుపుతోంది.

బయటికొచ్చాక నలుగురూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. వార్త చెప్పడం వీళ్ళలో ఒక్కరికీ రాదు. ముందు చివర చెప్పారు, తర్వాత మధ్య. నేను వరసలో పెట్టుకున్నది ఇది. మొదలు బాగానే పెట్టింది. నడుమ గొంతు జారి పాత గొంతులో పడింది. అప్పుడే ఆ నవ్వు. పిట్ట ఆగింది. గుండు లేచి నిలబడిందట, ఊరికే. లాయరు లేచాడట. వాళ్ళలో మిగతా ఇద్దరూ లేచారట. ఏమీ అనకుండా నిలబడ్డారట. పిట్ట వాళ్ళని చూసి, నీళ్ళు తాగి, ఏ గొంతు వస్తే ఆ గొంతుతో చివరిదాకా చెప్పేసింది. ఒక్కోసారి అది, ఒక్కోసారి ఇది. ప్రశ్నలకి జవాబులు కూడా చెప్పింది.

ప్యాసు. హెడ్డు "ఉచ్చారణ మెరుగుపడాలి" అన్నాడట. ఉచ్చారణ. వాడు తుప్పుని దుప్పు అంటాడు, వరండాలో వెళ్తుంటే నేను విన్నాను.

మాటిచ్చాను కాబట్టి వాడి దగ్గరికి వెళ్ళడం లేదు.

సెప్టెంబరు 16

మావాడు వచ్చాడు. ఫోను చెయ్యకుండా వచ్చాడు.

హాల్లో ఎవడో తీసిన వీడియో చేతులు మారి మారి టైర్ల షాపు దాకా చేరిందట. మధ్యాహ్నం పూట, ముందుగదిలో పిల్లలంతా ఉన్నప్పుడు, బూట్లతోనే లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఎవరు వీళ్ళంతా?"

"ఫ్రెండ్స్ అంకుల్," అంది గుండు.

మావాడు ఆ గుండునీ ఆ రింగుల్నీ మార్చి మార్చి చూశాడు. "నువ్వు అబ్బాయివా, అమ్మాయివా?"

"ఇంకా తేల్చుకోలేదంకుల్. మీకేమైనా తొందరా?"

మామూలుగానైతే నవ్వేదాన్ని. మావాడు నవ్వలేదు. పిట్ట వైపు తిరిగాడు. తిరిగాడే గానీ దాని మొహం చూడలేదు, భుజం పక్కన గోడని చూశాడు.

"బట్టలు సర్దుకో. బండి బయట ఉంది."

"ప్యాసైతే చదువుకోవచ్చన్నావు నాన్నా. ప్యాసయ్యాను."

"ఇలా అవుతావని చెప్పావా?"

"ఎలా అవుతావని నువ్వు అడగలేదు."

"ఆ గొంతుతో నాతో మాట్లాడకు."

పిట్ట చేతులు వెనక్కి పెట్టుకుంది. పిల్లలు వెళ్ళిపోవడానికి లేచారు. "కూర్చోండి," అంది వాళ్ళతో. కూర్చున్నారు.

మావాడు నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నీ మాట వింటాడు."

అందరూ నన్నే చూశారు. లాయరు మరీ చూశాడు.

నా దగ్గర మాటల్లేకనా? వరసకట్టి నిలబడ్డాయి. కన్నబిడ్డ గొంతు వినలేని వాడికి టైర్లే తగిన సంతానం, వాటికి గాలి కొడితే చాలు, మాట్లాడవు. ఇదొకటి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, ఒకదాన్ని మించింది ఒకటి. ఒక్కటి వదిలితే చాలు, ఇల్లు దద్దరిల్లేది. మావాడు తలవంచుకు పోయేవాడు. పోయి, అమ్మ అడ్డుపడింది, అమ్మ వల్లే ఇదంతా అని ఊరంతా చెప్పుకునేవాడు. పిట్ట అన్న మాట ఒక్కటీ వాడి చెవికెక్కేది కాదు.

నాలుక మడతపెట్టి కూర్చున్నాను. చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుంది.

"అమ్మా, నిన్నే."

గ్లాసెత్తి నీళ్ళు తాగాను. దించలేదు. తాగుతూనే ఉన్నాను.

"నానమ్మని అడక్కు నాన్నా," అంది పిట్ట. వాక్యం సగంలో గాలి అయిపోయింది. ఆగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "చదివేది నేను. నేను రాను. నువ్వు కోప్పడు, ఇక్కడే కూర్చుని ఎంతసేపైనా కోప్పడు. రాను. రేపు పొద్దున నాకు క్లాసుంది."

"నీ గొంతుతో చెప్పు ఆ మాట."

"ఇదే నా గొంతు. ఇంకోటుంది. అది నీకు అబద్ధాలు చెప్పడానికి వాడేదాన్ని."

మావాడి మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనబడింది. చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. లాయరు కూడా అదే అనుకున్నాడు, సగం లేచాడు.

"టీ పెడతాను, తాగి వెళ్ళు," అంది పిట్ట.

వెళ్ళి పెట్టింది. అంతసేపూ మావాడు గది మధ్యలో, ఎవర్నీ చూడకుండా, బండి తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ కప్పుని చూశాడు. ముట్టుకోలేదు. "మీ అమ్మకి నేనేం చెప్పాలి?" అన్నాడు. అది కోపమో ఏమిటో, నా చెవికి కూడా తెలియలేదు.

"నేనే చెబుతాను. ఫోను అమ్మకివ్వు చాలు."

వెళ్ళిపోయాడు. ఇంటికి రావద్దని గుమ్మంలోంచి అన్నాడు, దానితో కాదు, గాలితో. బండి చాలాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది. తాగకపోయినా టీ వచ్చేదాకా నిలబడ్డాడు. అది ఎందుకు రాసుకుంటున్నానో తెలియదు.

బండి చప్పుడు పోయాక పిట్ట కాళ్ళు మడిచి అక్కడే నేలమీద కూలబడింది. లేచాను. నేను అడుగు వేసేలోపే అటు గుండు, ఇటు లాయరు, వెనక మిగతావాళ్ళు. నేను పట్టే చోటు లేదు. కన్న కొడుకు వెళ్ళిపోయాడు, పట్టుకుందామంటే మనవరాలి దగ్గర ఖాళీ లేదు. చల్లారిన ఆ టీ నేనే తాగేశాను.

మావాణ్ణి అనకుండా మింగినవన్నీ రాసుకుందామని వంటింట్లో ఈ పుస్తకం తెరిచాను. రాయలేకపోతున్నాను. ముందుగదిలో పిట్ట మాట్లాడుతోంది. ఆగుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ చెబుతోంది. ఒక్కరు కూడా మధ్యలో దూరడం లేదు, సలహా ఇవ్వడం లేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పడం లేదు. వాళ్ళకి వినడం వచ్చు. నాకు ఇవాళ మొదటి పాఠం.

ఒళ్ళంతా మండిపోతోంది.